చిల్లర దాచిన చోటు: అమెరికాలో సామాన్యుల పొదుపు చరిత్ర

అమెరికా సంయుక్త రాష్ట్రాల సంపద చరిత్ర అనగానే రాక్‌ఫెల్లర్, కార్నెగీ, మోర్గన్ వంటి కోటీశ్వరుల పేర్లే ముందుగా స్ఫురిస్తాయి గాని, బట్టలుతికి బతికిన స్త్రీలు, వీధి దీపాలు వెలిగించే పనివారు, రేవు కూలీలు, యుద్ధం నుంచి తిరిగివచ్చిన సిపాయిలు తమ చిల్లర డబ్బును ఎక్కడ దాచుకున్నారు, దాచినది వారికి తిరిగి దక్కిందా లేదా అన్న ప్రశ్న చుట్టూ రెండు శతాబ్దాలకు పైబడిన మరో చరిత్ర ఆ దేశంలో నడిచింది. పొదుపు చేయమని పేదలకు బోధించే పుస్తకాలకు, ప్రసంగాలకు అక్కడ ఎన్నడూ కొరత రాలేదు. ఆ బోధనల వెనుక, పేదవాడు దుబారా మనిషి గనుకనే పేదవాడిగా మిగిలాడన్న భావన తరచు కనిపిస్తుంది. పాత పొదుపు బ్యాంకుల పద్దు పుస్తకాలు ఇందుకు భిన్నమైన సాక్ష్యం చెబుతాయి. నమ్మదగిన చోటు దొరికిన ప్రతిసారీ అతి తక్కువ ఆదాయం గలవారు సైతం ఆశ్చర్యపడేంత క్రమంగా డబ్బు దాచారు. వారు దాచినది నిలిచిందా కరిగిందా అన్నది మాత్రం వారి గుణగణాల కన్నా, ఆ సొమ్మును చేతబట్టిన సంస్థ ఏ నియమాలకు కట్టుబడి నడిచిందన్న దాని మీదనే ఎక్కువగా ఆధారపడింది.

ఈ చరిత్రకు ఆదిపురుషుడిగా సాధారణంగా చెప్పుకొనే బెంజమిన్ ఫ్రాంక్లిన్ (1706–1790) పేరు ఉపదేశంతోనే ముడిపడి ఉంది. 1732 నుంచి 1758 వరకు ఫిలడెల్ఫియాలో ఆయన 'పూర్ రిచర్డ్' పేరిట వెలువరించిన పంచాంగాలలో కష్టం, మితవ్యయం, అప్పుల భయం గురించిన సామెతలు నిండి ఉండేవి. వాటి నుంచి ఏరి కూర్చి 1758 సంచికకు ముందుమాటగా రాసిన వ్యాసమే తరువాత 'ద వే టు వెల్త్' పేరుతో అనేక భాషల్లో అచ్చయింది. ఆయన సామెతలకు వచ్చిన పేరు ఆయన వీలునామాకు రాలేదు. నిజానికి ఆయన ఆలోచనలోని లోతు ఆ వీలునామాలోనే తెలుస్తుంది. 1789లో దానికి చేర్చిన అనుబంధంలో ఆయన తాను పుట్టిన బోస్టన్ నగరానికి, స్థిరపడిన ఫిలడెల్ఫియాకు చెరి 1,000 పౌండ్లు రాసిచ్చాడు. ఆ సొమ్మును ఖర్చు పెట్టరాదు. పనిలో శిష్యరికం ముగించుకున్న, పెళ్లయిన, 25 ఏళ్ల లోపు వృత్తిపనివారికి 5 శాతం వడ్డీకి అప్పుగా ఇవ్వాలి. ఒక్కొక్కరికి 15 పౌండ్లకు తగ్గకుండా, 60 పౌండ్లకు మించకుండా, ఇద్దరు పెద్దమనుషుల పూచీకత్తు మీద ఇచ్చి, అసలులో పదో వంతును ఏటేటా వడ్డీతో సహా రాబట్టి, మళ్లీ మరొకరికి అప్పివ్వాలి. ఇలా వడ్డీ మీద వడ్డీ చేరుతూపోయే చక్రవడ్డీ పద్ధతిలో నూరేళ్లకు 1,000 పౌండ్లు 1,31,000 పౌండ్లవుతాయని, అందులో లక్ష పౌండ్లను నగరం మంచికి వాడి, మిగిలిన 31,000ను మరో నూరేళ్లు అదే విధంగా తిప్పితే 40 లక్షల పౌండ్లు దాటుతాయని ఆయన లెక్క కట్టాడు.

లెక్కలో తప్పేమీ లేదు. 5 శాతం చక్రవడ్డీకి నూరేళ్లలో అసలు 131 రెట్లకు పైగా పెరుగుతుంది. తప్పిందల్లా ఆ లెక్క ఊహించిన సమాజం. పంతొమ్మిదో శతాబ్దంలో ఫ్యాక్టరీలు పెరిగేకొద్దీ గురువు దగ్గర పని నేర్చి సొంత కొట్టు పెట్టుకొనే కుర్రవాళ్లు తగ్గిపోయారు, పూచీ ఉండే పెద్దమనుషులు వెనకాడారు, కొందరు తీసుకున్న అప్పు తీర్చలేదు. బోస్టన్ ధర్మకర్తలు, అంటే ఇతరుల సొమ్మును వారి మేలు కోసం నిర్వహించే బాధ్యులు, కాలంతో పాటు మారి నిధిలో చాలా భాగాన్ని ఒక బీమా సంస్థలో వడ్డీకి ఉంచగా, ఫిలడెల్ఫియా వారు అంతటి శ్రద్ధ చూపలేదు. మొదటి నూరేళ్లు ముగిసేసరికి బోస్టన్ నిధి దాదాపు నాలుగు లక్షల డాలర్లయింది. అందులోని సొమ్ముకు ఆండ్రూ కార్నెగీ విరాళం తోడై, 1908లో పనివారికి సాంకేతిక విద్య నేర్పే ఫ్రాంక్లిన్ యూనియన్ తెరుచుకుంది. రెండు వందల ఏళ్ల గడువు తీరిన 1990 నాటికి బోస్టన్ నిధి 45 లక్షల డాలర్ల పైచిలుకుకు చేరగా, ఫిలడెల్ఫియా నిధి 20 లక్షల డాలర్ల దగ్గర నిలిచింది. ఒకే రోజు, ఒకే మొత్తంతో, ఒకే నిబంధనలతో మొదలైన రెండు నిధుల మధ్య వచ్చిన ఈ తేడా పూర్తిగా నిర్వహణలోని తేడాయే.

ఫ్రాంక్లిన్ కాలంలో పేదవాడు డబ్బు దాచుకోవడానికి బ్యాంకు లేదు. అప్పటి బ్యాంకులు వర్తకుల కోసం ఏర్పడ్డవి, చిన్న మొత్తాలను ముట్టుకొనేవి కావు. స్కాట్లాండులోని రత్‌వెల్ గ్రామంలో హెన్రీ డంకన్ అనే మతగురువు 1810లో తన ఊరి కూలీల కోసం మొదలుపెట్టిన పొదుపు బ్యాంకు ఈ లోటుకు ఒక మార్గం చూపింది. ఆ నమూనాతో 1816 డిసెంబరులో ఫిలడెల్ఫియా సేవింగ్ ఫండ్ సొసైటీ పని మొదలుపెట్టింది, అదే నెలలో బోస్టన్‌లో ప్రావిడెంట్ ఇన్‌స్టిట్యూషన్ ఫర్ సేవింగ్స్ రాష్ట్ర ప్రభుత్వం నుంచి చార్టరు, అంటే అధికార పత్రం, పొందింది. ఫిలడెల్ఫియా సొసైటీ మొదటి డిపాజిటరు దాని స్థాపకుల్లో ఒకరైన కాండీ రాగె ఇంట పనిచేసే కర్టిస్ రాబర్ట్స్ అనే నల్లజాతి సేవకుడు. అతడు జమ చేసింది 5 డాలర్లు. ఈ సంస్థలను పరస్పర పొదుపు బ్యాంకులు అంటారు. వీటికి వాటాదారులు ఉండరు. వచ్చిన లాభమంతా ఖర్చులు పోను డిపాజిటర్లకే వడ్డీ రూపంలో చేరుతుంది. ధర్మకర్తలు అప్పట్లో జీతం పుచ్చుకోకుండా పనిచేసేవారు. సొమ్మును ప్రభుత్వ బాండ్ల వంటి నమ్మకమైన వాటిలోనే పెట్టాలని చట్టం కట్టడి చేసేది. వాటిని నడిపిన సంపన్నుల మాటల్లో పేదలను ఉద్ధరిస్తున్నామన్న పెద్దరికం ధ్వనించినప్పటికీ, వారు పాటించిన ఈ కట్టడి దీర్ఘకాలం పేదల డబ్బును కాపాడింది.

తెలుగు పాఠకులకు మరింత పరిచితంగా తోచే ఏర్పాటు 1831 జనవరిలో ఫిలడెల్ఫియా శివారులోని ఫ్రాంక్‌ఫర్డ్‌లో పుట్టింది. ఆక్స్‌ఫర్డ్ ప్రావిడెంట్ బిల్డింగ్ అసోసియేషన్ అనే ఆ సంఘంలో సభ్యులు నెలనెలా నిర్ణీత మొత్తం కట్టేవారు. పోగైన సొమ్మును ఎవరు ఎక్కువ ప్రీమియం పాడితే వారికి ఇల్లు కట్టుకోవడానికో కొనుక్కోవడానికో ఇచ్చేవారు. అందరి వంతూ పూర్తయ్యాక లెక్కలు తేల్చి సంఘాన్ని మూసివేసేవారు. ఇది అచ్చంగా చీటీ పాట. తేడా అల్లా, పాడుకున్నవారు ఇంటినే తాకట్టు పెట్టాలి. మొదట పాడుకున్న కామ్లీ రిచ్ వీధి దీపాలు వెలిగించేవాడు. అతనికి అందినది 375 డాలర్లు, దానితో అతడు కొన్న చిన్న చెక్క ఇల్లు ఇప్పటికీ నిలిచి ఉంది. అనుకున్న ప్రకారం 1841లో ఆ సంఘం లెక్కలు ముగించుకుంది. ఆ నమూనా మాత్రం దేశమంతా పాకి, సొంత ఇల్లే సామాన్యుని మొదటి ఆస్తి అన్న అమెరికన్ అలవాటుకు పునాది వేసింది. బ్యాంకు గడప తొక్కనివ్వని వలస జనం తమ తమ దేశాల నుంచి ఇటువంటి చీటీలనే వెంట తెచ్చుకున్నారు: చైనీయుల హుయి, జపనీయుల తానోమోషి, కొరియన్ల కై, కరీబియన్ దీవుల వారి సూసూ అన్నీ ఈ కోవలోవే.

వలసవచ్చిన వారి కోసమే ఏర్పడిన బ్యాంకుల్లో న్యూయార్క్ ఎమిగ్రెంట్ సేవింగ్స్ బ్యాంకు ముఖ్యమైనది. ఆలుగడ్డ పంట నాశనమై కరవు పాలైన ఐర్లండు నుంచి ఓడలెక్కి వచ్చినవారి కోసం ఐరిష్ ఎమిగ్రెంట్ సొసైటీ 1850లో దీనిని నెలకొల్పింది. సంతకం చేయలేని వారెందరో ఖాతాలు తెరవడం వల్ల, డబ్బు తీసుకోవడానికి వచ్చిన మనిషి అసలు ఖాతాదారేనా అని నిర్ధారించడానికి గుమాస్తాలు 'పరీక్ష పుస్తకాలు' అనే చిట్టాలు రాసేవారు. ఖాతాదారు పుట్టిన ఊరు, ఎక్కి వచ్చిన ఓడ, దిగిన సంవత్సరం, తల్లి పుట్టింటి పేరు, అన్నదమ్ములు ఎక్కడెక్కడున్నారు అన్న వివరాలు వాటిలో ఉండేవి, సొమ్ము ఇచ్చేముందు వాటి నుంచే ప్రశ్నలు అడిగేవారు. ఇదే పద్ధతి మరో పదిహేనేళ్లకు మరింత బాధాకరమైన సందర్భంలో అక్కరకు వచ్చింది.

అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో దాదాపు 1,80,000 మంది నల్లజాతి సైనికులు పోరాడారు. అంతకుముందు దాకా బానిసలుగా ఉండి, జీవితంలో మొదటిసారి నెలజీతం చేత పట్టుకున్న ఆ మనుషుల్లో చాలామంది ఆ డబ్బును మోసగాళ్ల పాలుకాకుండా దాచుకొనే చోటు కోసం వెతికారు. వర్జీనియాలోని నార్‌ఫక్‌లో, దక్షిణ కెరొలినాలోని బ్యూఫర్ట్‌లో సేనాధికారులు వారి కోసం తాత్కాలిక బ్యాంకులు నడపవలసి వచ్చింది. వీటిని చూసిన జాన్ ఆల్వర్డ్ అనే మతగురువు న్యూయార్క్ వర్తకులను, దాతలను కూడగట్టి శాశ్వత బ్యాంకుకు రూపకల్పన చేశాడు. 1865 మార్చి 3న అధ్యక్షుడు అబ్రహాం లింకన్ సంతకంతో ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ అండ్ ట్రస్ట్ కంపెనీ అవతరించింది. ఆ తరువాత ఆరు వారాలకు లింకన్ హత్యకు గురయ్యాడు. డిపాజిట్లలో కనీసం మూడింట రెండు వంతులు అమెరికా ప్రభుత్వ బాండ్లలోనే పెట్టాలన్నది చార్టరులోని ప్రధాన నిబంధన.

అయిదు సెంట్లతో కూడా ఆ బ్యాంకులో ఖాతా తెరవవచ్చు. పాస్‌బుక్కుల మీద, ప్రచార పత్రాల మీద లింకన్, ఉత్తరాది సేనాని గ్రాంట్ వంటి వారి బొమ్మలు కనిపించేవి. రోజుకు పది సెంట్లు దాస్తే పదేళ్లలో ఎంతవుతుందో చూపే పట్టికలు ఉండేవి. వీటన్నిటి వల్ల ఈ బ్యాంకు వెనుక ప్రభుత్వమే ఉందన్న నమ్మకం జనంలో నాటుకుంది, ఆ నమ్మకాన్ని సవరించే ప్రయత్నం బ్యాంకు ఎన్నడూ గట్టిగా చేయలేదు. దక్షిణాది అంతటా ముప్పైకి పైగా శాఖలు తెరుచుకున్నాయి. బ్యాంకు నడిచిన తొమ్మిదేళ్లలో 70,000 మందికి పైగా ఖాతాదారులు మొత్తం మీద 5 కోట్ల డాలర్లకు మించి జమ చేశారు. బానిసత్వం నుంచి బయటపడి పదేళ్లయినా నిండని ప్రజలు, కూలి తప్ప మరో ఆధారం లేనివారు, ఇంత సొమ్ము దాచారన్న ఒక్క వాస్తవం చాలు, పేదలకు పొదుపు చేతకాదన్న వాదన ఎంత నిరాధారమో తెలియడానికి. ఆ సొమ్ము వెళ్లినది నాగళ్లు, పశువులు, నాలుగెకరాల చెక్క, బడి పిల్లల పుస్తకాల కోసమే.

ఈ శాఖల సంతకాల పుస్తకాలు నేడు అమెరికా జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. ఒక్కో పద్దులో ఖాతా నంబరు, తేదీ, పేరు, పాత యజమాని పేరు, యజమానురాలి పేరు, పనిచేసిన తోట, ఒంటి ఛాయ, పుట్టిన ఊరు, సైనికుడైతే దళం, భార్య లేదా భర్త, పిల్లలు, తల్లి, తండ్రి, తోబుట్టువుల పేర్లు వరుసగా ఉంటాయి. అమ్మివేయబడి ఎటో తరలిపోయిన అన్నదమ్ముల గురించి, ఆచూకీ తెలియని తల్లి గురించి గుమాస్తా రెండు మూడు ముక్కల్లో రాసుకున్న వివరాలు వీటిలో అడుగడుగునా కనిపిస్తాయి. బానిసల పెళ్లిళ్లను, సంతానాన్ని చట్టం గుర్తించని దేశంలో, ఎన్నో కుటుంబాల వంశవృక్షం మొదటిసారి కాగితం మీదకెక్కినది ఈ బ్యాంకు పద్దుల్లోనే. లక్షలాది పేర్లున్న ఈ పుస్తకాలకు 2001లో సమగ్ర సూచిక వెలువడిన నాటి నుంచి, పూర్వీకులను వెతుక్కొనే నల్లజాతి అమెరికన్లకు ఇవి ముఖ్యమైన ఆకరాలయ్యాయి.

బ్యాంకు పతనానికి ఖాతాదారుల పొరపాటు ఇసుమంతైనా కారణం కాదు. 1867లో ప్రధాన కార్యాలయం న్యూయార్క్ నుంచి వాషింగ్టన్‌కు మారింది. ట్రెజరీ భవనానికి ఎదురుగా సుమారు 2,60,000 డాలర్ల ఖర్చుతో ఆడంబరమైన కట్టడం లేచింది. 1870లో కాంగ్రెస్ చార్టరును సవరించి, డిపాజిట్లలో సగం వరకు స్థిరాస్తి తాకట్టు మీద అప్పులివ్వడానికి అనుమతించింది. పొదుపు బ్యాంకు ప్రాణమంతా ఏ కట్టడిలో ఉందో ఆ కట్టడి అలా సడలిపోయింది. బ్యాంకు ఆర్థిక సంఘానికి అధ్యక్షుడైన హెన్రీ కుక్ ప్రఖ్యాత బ్యాంకరు జే కుక్ తమ్ముడు. ఆయనకు, ఆయన సహచరులకు ప్రయోజనాలున్న సంస్థలకు, ఉదాహరణకు సెనెకా శాండ్‌స్టోన్ అనే రాతిగనుల కంపెనీకి, విలువలేని హామీల మీద అప్పులు వెళ్లాయి. దక్షిణాది శాఖల్లో పోగైన పత్తి కూలీల డబ్బు వాషింగ్టన్‌లోని తెల్లజాతి కాంట్రాక్టర్ల చేతికి చేరుతుండగా, ఆ శాఖలున్న ఊళ్లలోని నల్లజాతి రైతుకు మాత్రం అదే బ్యాంకులో అప్పు పుట్టడం దుర్లభమైంది. 1873 సెప్టెంబరులో జే కుక్ కంపెనీ దివాలా తీయడంతో దేశమంతా ఆర్థిక సంక్షోభం కమ్మింది. 1874 మార్చిలో బ్యాంకు అధ్యక్షుడిగా ఫ్రెడరిక్ డగ్లస్‌ను, స్వయంగా బానిసత్వం నుంచి తప్పించుకొని వచ్చి జాతి నాయకుడైన ఆ మహావక్తను, ఎన్నుకున్నారు. లోపల ఏం జరిగిందో తెలియని ఆయన బ్యాంకును నిలబెట్టే ఆశతో తన సొంత డబ్బు 10,000 డాలర్లు అప్పుగా ఇచ్చాడు. పద్దులు చూశాక మూసివేయడమే మార్గమని గ్రహించాడు. జూన్ నెలాఖరున ధర్మకర్తలు మూసివేతకు తీర్మానించే నాటికి 61,000 మందికి పైగా ఖాతాదారులకు దాదాపు 30 లక్షల డాలర్లు రావలసి ఉంది. ఏళ్ల తరబడి సాగిన పంపకాల్లో, అర్జీ పెట్టుకోగలిగిన వారికి డాలరుకు అరవై సెంట్ల వరకు ముట్టింది. పాస్‌బుక్కు పోగొట్టుకున్నవారికి, కబురు అందనివారికి, ఊరు మారినవారికి ఏమీ దక్కలేదు. ఆ బ్యాంకు స్థలంలో ఉన్న ట్రెజరీ అనుబంధ భవనానికి 2016లో ఫ్రీడ్‌మన్స్ బ్యాంక్ బిల్డింగ్ అని పేరు పెట్టారు.

ఇటువంటి దెబ్బ తెలుగువారికీ పరాయిది కాదు. మద్రాసులో పెద్ద ఆంగ్లేయ వ్యాపార సంస్థగా పేరుబడ్డ ఆర్బత్‌నాట్ అండ్ కంపెనీ 1906 అక్టోబరులో కుప్పకూలినప్పుడు, దొరల కంపెనీ గనుక ఢోకా లేదని నమ్మి జీవితకాలపు సంపాదన దాచుకున్న మద్రాసు రాష్ట్రపు ఉద్యోగులు, వితంతువులు, చిన్న భూస్వాములు వేలమంది నష్టపోయారు. ఆ గాయం నుంచే 1907లో ఇండియన్ బ్యాంకు పుట్టింది. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకును నెలకొల్పడం వెనుకా మన డబ్బు మనవారి చేతిలో, మన కళ్ల ముందు ఉండాలన్న తలంపే పనిచేసింది. రిచ్‌మండ్ నగరపు నల్లజాతివారు అంతకు ముందే, అంతకన్నా కఠినమైన పరిస్థితుల్లో, ఇదే తలంపుతో బ్యాంకు కట్టారు.

వర్జీనియా రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌లో మ్యాగీ లీనా వాకర్ 1864లో, యుద్ధం ఇంకా సాగుతుండగానే, జన్మించింది. తల్లి బానిసత్వం నుంచి విముక్తురాలై, బట్టలుతికి కుటుంబాన్ని పోషించింది. ఉతికిన మూటలను ఇళ్లకు చేరవేసే పని చిన్ననాట మ్యాగీ చేసేది. రోగం వచ్చినా, చావు సంభవించినా సభ్యులను ఆదుకోవడానికి నెలవారీ చందాలతో నడిచే ఇండిపెండెంట్ ఆర్డర్ ఆఫ్ సెయింట్ లూక్ అనే పరస్పర సహాయ సంఘంలో ఆమె పద్నాలుగో ఏట చేరింది. 1899లో, ఖజానా దాదాపు అడుగంటిన వేళ, ఆ సంఘం పగ్గాలు ఆమె చేతికి వచ్చాయి. రెండేళ్లు తిరక్కముందే ఆమె సంఘం సభలో తమ వారి చిల్లరను తమ వారికే పెట్టుబడిగా మార్చే బ్యాంకు, పత్రిక, దుకాణం కావాలని ప్రతిపాదించింది. 1902లో పత్రిక వెలువడింది. 1903 నవంబరు 2న సెయింట్ లూక్ పెన్నీ సేవింగ్స్ బ్యాంకు తలుపులు తెరిచింది. ఆ ఒక్కరోజే 9,000 డాలర్లకు పైగా చేరాయి. ఒకరు 31 సెంట్లతో ఖాతా తెరిచారు. అమెరికాలో చార్టరు పొంది బ్యాంకు అధ్యక్షత వహించిన తొలి నల్లజాతి మహిళ ఆమే.

ఆమె పద్ధతులను దగ్గరగా పరిశీలిస్తే, ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు పాఠం రిచ్‌మండ్‌లో ఎవరూ మరిచిపోలేదని స్పష్టమవుతుంది. ఖాతాదారుల్లో పెద్ద భాగం చాకలి పని, ఇంటి పని చేసే స్త్రీలు. వారి సౌకర్యం కోసం బ్యాంకు పనివేళలను సాయంత్రం దాకా, శనివారాల్లోనూ పొడిగించేవారు. పిల్లలకు చిన్న అట్టపెట్టెలు పంచి, వాటిలో వేసిన పెన్నీలు డాలరుకు చేరగానే ఖాతా తెరిచేవారు. పోగైన సొమ్ము ఆ వీధుల్లోనే అప్పుగా తిరిగింది: 1920 నాటికి 600కు పైగా నల్లజాతి కుటుంబాలు ఈ బ్యాంకు అప్పుతో ఇళ్లు కొనుక్కున్నాయి. 1905లో తెరిచిన సెయింట్ లూక్ ఎంపోరియం అనే దుకాణాన్ని తెల్లజాతి వర్తకులు సరుకు అందకుండా చేసి 1911లో మూయించగలిగారు గాని, బ్యాంకును కదిలించలేకపోయారు. మహా మాంద్యం కమ్ముకొస్తున్నప్పుడు వాకర్ మరో రెండు నల్లజాతి బ్యాంకులను కలుపుకొని కన్సాలిడేటెడ్ బ్యాంక్ అండ్ ట్రస్ట్ కంపెనీని ఏర్పరచడం వల్ల, వేలాది బ్యాంకులు మూతపడిన ఆ గడ్డుకాలంలో కూడా ఖాతాదారుల డబ్బు నిలిచింది. ఆమె 1934లో మరణించింది. బ్యాంకు నల్లజాతి యాజమాన్యంలో 2005 దాకా నడిచింది.

ఇదే కాలంలో ప్రభుత్వం తానే పొదుపును చేపట్టే ఆలోచన బలపడింది. బ్రిటన్ 1861లో, బ్రిటిష్ ఇండియా 1882లో పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకులు తెరిచినా, అమెరికాలో బ్యాంకర్ల అభ్యంతరాల వల్ల అది నాలుగు దశాబ్దాలు వాయిదా పడింది. 1907 నాటి బ్యాంకుల భయోత్పాతం తరువాతనే అధ్యక్షుడు టాఫ్ట్ 1910లో చట్టంపై సంతకం చేశాడు. వడ్డీ 2 శాతం మాత్రమే, మొదట్లో 500 డాలర్లకు మించి దాచడానికి వీల్లేదు, అయినా తమ దేశాల్లో పోస్టాఫీసును నమ్మడం అలవాటైన ఇటాలియన్లు, రష్యన్లు, హంగేరియన్లు బారులు తీరారు. 1947 నాటికి డిపాజిట్లు 300 కోట్ల డాలర్లు దాటాయి. ఆ తరువాత ఆదరణ తగ్గి 1967లో పథకాన్ని ఎత్తివేశారు. ఎత్తివేతకు దారితీసిన ప్రధాన కారణం డిపాజిట్ బీమా. 1930–33 మధ్య దాదాపు 9,000 బ్యాంకులు మూతపడి లక్షలాది మంది కష్టార్జితం చిక్కుకుపోగా, 1933 చట్టం ద్వారా ఏర్పడిన ఫెడరల్ డిపాజిట్ ఇన్సూరెన్స్ కార్పొరేషన్ 1934 జనవరి నుంచి ఒక్కో ఖాతాదారుకు 2,500 డాలర్ల వరకు హామీ ఇచ్చింది. నేడు ఆ పరిమితి 2,50,000 డాలర్లు. ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు ఖాతాదారులు తమకు ఉందని నమ్మిన ప్రభుత్వ హామీ నిజంగా చేతికందడానికి అరవై ఏళ్లు పట్టింది.

హామీ ఉన్నా నియమాల సడలింపు ఏం చేయగలదో ఆక్స్‌ఫర్డ్ సంఘపు వారసులే తరువాత చూపారు. గృహరుణ పొదుపు సంఘాలుగా ఎదిగిన ఆ సంస్థలకు 1980ల ఆరంభపు చట్టాలు వాణిజ్య కట్టడాల వంటి ప్రమాదకరమైన అప్పులకు దారి తెరిచాయి. 1986–1995 మధ్య వెయ్యికి పైగా సంఘాలు కూలిపోయాయి. ఈసారి బీమా ఉన్నందున ఖాతాదారు మునగలేదు గాని, పన్ను చెల్లింపుదారుల మీద 12,000 కోట్ల డాలర్లకు పైగా భారం పడింది.

రెండో ప్రపంచ యుద్ధం పొదుపుకు కొత్త యంత్రాంగాన్ని ఇచ్చింది. 1941 మేలో మొదలైన ఇ-సిరీస్ బాండును 18 డాలర్ల 75 సెంట్లకు కొంటే పదేళ్లకు 25 డాలర్లు వచ్చేవి. బడి పిల్లలు 25 సెంట్ల స్టాంపులు కొని ఆల్బమ్‌లో అతికించేవారు. 75 స్టాంపులతో ఆల్బమ్ నిండితే ఒక బాండు. ఫ్యాక్టరీల్లో మాత్రం అంతకన్నా సులభమైన ఏర్పాటు జరిగింది: కార్మికుడు ఒక్కసారి ఒప్పుకొని సంతకం చేస్తే, ప్రతి వారం జీతం చేతికి రాకముందే బాండు సొమ్ము కోత పడేది. కొనడానికి సరుకులు కరువైన ఆ సంవత్సరాల్లో అమెరికన్లు ఖర్చుకు మిగిలే ఆదాయంలో దాదాపు నాలుగో వంతు దాచారు. వారి దేశ చరిత్రలో అంతకు ముందు గాని తరువాత గాని అంత పొదుపు ఏళ్ల తరబడి సాగిన కాలం లేదు.

జీతం అందక ముందే తీసి పక్కన పెట్టే ఈ పద్ధతే నేటి పదవీ విరమణ పొదుపుకు ఆధారం. 1978 నాటి ఆదాయపు పన్ను చట్ట సవరణలోని 401-కె అనే చిన్న సెక్షన్‌ను పెన్సిల్వేనియాలో సలహాదారుగా పనిచేస్తున్న టెడ్ బెన్నా 1980లో కొత్త కోణంలో చదివి, ఉద్యోగి తన జీతంలో కొంత భాగాన్ని పన్ను పడకుండా నిధిలో వేసుకొనేలా, యజమాని దానికి కొంత జత చేసేలా పథకం రూపొందించాడు. అంతకు ముందే, అదే రాష్ట్రంలో, జాన్ బోగుల్ 1975లో స్థాపించిన వాన్‌గార్డ్ సంస్థ మరుసటి ఏడాది సామాన్య మదుపుదారుల కోసం తొలి ఇండెక్స్ ఫండు తెచ్చింది. ఏ కంపెనీ షేరు పెరుగుతుందో ఊహించే ప్రయత్నం మానుకొని, మార్కెట్ సూచీలోని కంపెనీలన్నిటినీ వాటి బరువు ప్రకారం కొని అట్టేపెట్టుకొనేది ఇండెక్స్ ఫండు. 15 కోట్ల డాలర్లు ఆశిస్తే మొదట వచ్చినవి 1.13 కోట్లు మాత్రమే. ఆ సంస్థకు బయటి వాటాదారులు లేరు, మదుపుదారులే యజమానులు, మిగులు అంతా రుసుము తగ్గింపుగా వారికే చేరుతుంది. 1816 నాటి పరస్పర పొదుపు బ్యాంకు సూత్రం షేర్ల కాలానికి తగ్గట్టు మళ్లీ బతికివచ్చినట్టే ఇది. 1965 వలస చట్టం తరువాత వచ్చిన తెలుగు వైద్యులు, ఇంజనీర్లలో చాలామంది ఈ ఏర్పాటుకు ముందే, 1990ల నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు అది పక్వానికి వచ్చాక దేశంలో అడుగుపెట్టినవారు. బంగారం, భూమి, చీటీ అలవాటైన కుటుంబాల నుంచి వచ్చి, హైదరాబాదు శివార్లలో ప్లాటు కొంటూనే 401-కె కోతకు కూడా అలవాటుపడిన తరం వారిది.

ఈ పథకాల బలహీనత చేరికలో ఉంది. ఉద్యోగి దరఖాస్తు నింపి చేరాలన్న పాత పద్ధతిలో చాలామంది ఏళ్ల తరబడి వాయిదా వేస్తూ ఉండిపోయేవారు. అందరినీ ముందే చేర్చి, వద్దనుకున్నవారే బయటికి వెళ్లేలా మార్చిన ఒక పెద్ద కంపెనీలో సభ్యుల సంఖ్య ఒక్కసారిగా పెరిగినట్టు 2001లో బ్రిజిట్ మాడ్రియన్, డెన్నిస్ షే ప్రచురించిన పరిశోధన నిరూపించింది. అటువంటి మనుషులే, అటువంటి జీతాలే, ఫారంలోని ఒక్క నిబంధన మాత్రమే మారింది. 2006 చట్టం ఈ తరహా చేరికను ప్రోత్సహించింది. 2022 చివర వచ్చిన చట్టం, ఆ తరువాత ప్రారంభమైన పథకాలన్నిటిలో 2025 నుంచి దీనిని తప్పనిసరి చేసింది. పది మందికి మించని పనివారున్న సంస్థల వంటి కొన్నిటికి మాత్రం మినహాయింపు ఇచ్చింది, పథకమే లేని యజమానిని కొత్తగా పెట్టమని బలవంతపెట్టలేదు. ఆ ఖాళీని పూరించడానికి ఓరెగాన్ 2017లో, ఇలినాయ్, కాలిఫోర్నియా వెనువెంటనే, రాష్ట్ర ప్రభుత్వమే నడిపే జీతపు కోత పొదుపు ఖాతాలను ప్రవేశపెట్టాయి. అటువంటి చట్టం లేని రాష్ట్రాల్లో హోటళ్లలో, చిన్న దుకాణాల్లో, పెట్రోలు బంకుల్లో పనిచేసేవారు నేటికీ సొంతంగా ఖాతా తెరుచుకొని, నెలనెలా సొంతంగానే అందులో డబ్బు వేసుకోవలసి ఉంది.